తగినంత అంటే ఎంత?

సంక్రాంతి వెళ్ళిన వారానికి నాకో ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి అనకండి. చేతిలో ఫోను ఉన్నా, తెల్లకాగితానికి మార్జిను మడిచి, రెండు వైపులా నింపి పోస్టు చేసే పాఠకురాళ్ళు నాకింకా ఇద్దరు ముగ్గురున్నారు. ఈవిడది గుడివాడ దగ్గర ఓ పల్లెటూరు. నా నవల చదివారట. బావుందన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతికి వచ్చారు.

"112వ పేజీలో మీ సుజాత మాఘమాసంలో చెల్లెలి పెళ్ళి పనులు చేస్తూ, తీరిక చేసుకుని ఆవకాయ పెట్టింది. మాఘంలో ఆవకాయేమిటి తల్లీ? మామిడి అప్పటికింకా పూత మీదే ఉంటుంది కదా!"

చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. సుజాత మనసులో ఏముందో నాలుగు పేజీలు రాసినదాన్ని, ఆవిడ చేతిలో ఉన్న జాడీలో ఏముందో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇప్పటికి ఏడు నవలలు రాశాను. వాటిల్లో నా పాత్రలు ఓ రెండు వందల కప్పుల కాఫీ అయినా తాగి ఉంటారు. ఒక్కసారీ పాలు విరగలేదు, డికాషన్ పల్చనవలేదు, గ్యాస్ అయిపోలేదు. నాయిక "వంట ముగించుకుని" బాల్కనీలోకి వచ్చేస్తుంది. ఏం వండిందో నాకే తెలీదు! రచయిత్రులందరూ నాలాంటివాళ్ళేనని అనను. భానుమతీ రామకృష్ణ గారు 'అత్తగారి కథలు'లో ఆ ఇల్లూ వాకిలీ, ఆ మడీ తడీ పట్టుకునే ఎంత హాస్యం పండించారో మీకు తెలుసు. నేనే, సాహిత్యం వేరు, వంటిల్లు వేరు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాను.

ఆ ఉత్తరం పుణ్యమా అని అటక మీదున్న అమ్మ ట్రంకుపెట్టె దింపించాను.

అమ్మ పోయి రెండేళ్ళయింది. తెనాలిలో ఇల్లు అమ్మేసినప్పుడు వదిన ఇత్తడి సామాను తీసుకుని, "ఈ కాగితాలు నీకే పనికొస్తాయి" అంటూ ఆ పెట్టె నాకిచ్చింది. అందులో 1970ల నుంచీ అమ్మ వారపత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న పేజీలున్నాయి. వంటలు, పిండివంటలు, ఇంటి చిట్కాలు, పెరటి తోటలు. ఏడాదికో కట్ట. సూదీదారంతో కుట్టి, పాత కేలెండరు అట్ట వేసింది. అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. నేను బి.ఏ. సాహిత్యం. కాలేజీ రోజుల్లో ఆ కట్టలు చూసి, "ఇవేం చదువులే అమ్మా!" అని నవ్వేదాన్ని. ఆవిడ కూడా నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు విప్పి చూస్తే, ప్రతి పేజీ అంచునా ఉడ్‌పెన్సిలుతో రాతలు. "ఇంత నెయ్యి తాగదు." "రెండుసార్లు చేశాను. రెండోసారి కుదిరింది. మొదటిసారి మంట ఎక్కువ." "ఇది రాసినావిడ చేసి చూడలేదు." ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. పుస్తకాల మీద సమీక్షలు నేనూ రాశాను గానీ, ఇంత సూటిగా ఒక్క వాక్యం రాసే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

కాలేజీలో నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఎక్కడా ఈ పేజీల ఊసు లేదు. కానీ ఓసారి శ్రద్ధగా చదివి చూడండి. వీటికో భాష ఉంది, అందులో కొన్ని మాటలకి నేను దణ్ణం పెడతాను. 'దోరగా వేయించండి' అంటారు. దోరగా అంటే రంగా, వాసనా, చప్పుడా? మూడూ. వేరుశనగపప్పు దోరగా వేగితే ఒక రంగు, నువ్వులు దోరగా వేగితే ఒక చిటపట. 'గరిటెజారుగా కలపండి' అంటారు. ఆ పిండి ఎంత చిక్కగా ఉండాలో చెప్పటానికి ఇంతకన్నా మంచి మాట ఏ శాస్త్రజ్ఞుడు తెస్తాడు? పాకం చూడండి. వేళ్ళ మధ్య సాగితే తీగపాకం, నీళ్ళలో వేస్తే ఉండకట్టేది ఉండపాకం. థర్మామీటరు లేని ఇళ్ళలో వేడిని వేలితో కొలిచిన మాటలివి.

ఇంత గొప్ప భాషలో ఒక దొంగమాట కూడా ఉంది. అదే 'తగినంత'. ఉప్పు తగినంత, నూనె తగినంత, నీళ్ళు తగినన్ని.

కూరలో ఉప్పు తగినంత అంటే నాకు అభ్యంతరం లేదు. రాసేవాళ్ళకీ నాలుక ఉంది, వండేవాళ్ళకీ ఉంది. పులుసు అరచేతిలో వేసుకుని చూస్తాం, తక్కువైతే ఇంకాస్త వేస్తాం. ఆ 'తగినంత'లో ఓ మర్యాద కూడా ఉంది: నీ ఇంటి రుచి నీకు తెలుసమ్మా, నేను చెప్పేదేముంది అన్నట్టు. అరిసెల దగ్గర అదే మాట అంటే మాత్రం ద్రోహమే. ఓ పేజీలో "బెల్లం తగినన్ని నీళ్ళు పోసి పాకం వచ్చాక పిండి పోసి కలపండి" అని ఉంది. ఏ పాకం? పక్కన అమ్మ రాసింది: "నూనెలో విచ్చిపోయాయి. పాకం లేత. ఉండపాకం అని రాయలేదు. పిండి కూడా తడి ఆరింది. సంక్రాంతి పూట అందరి ముందూ." ఆ చివరి నాలుగు మాటలు ఎన్నిసార్లు చదివానో! పెద్ద కుటుంబంలో కొత్త కోడలు, పండగ రోజు, మూకుడులో విచ్చిపోయిన అరిసెలు. ఆ పేజీ రాసినావిడ ఎక్కడో చల్లగా ఉంది. మాట పడింది అమ్మ.

ఇక ఆవకాయ. "ఉప్పు, కారం, ఆవపిండి తగినంత కలిపి" అని అచ్చేశారు. అమ్మ 'తగినంత' అన్న మాటని అడ్డంగా కొట్టేసి, పైన రాసింది: "మూడూ సమానం. కల్లుప్పు ఎండబెట్టి, దంచి, అప్పుడు కొలవాలి." అసలు మాట ఆ ఎండబెట్టటంలోనూ దంచటంలోనూ ఉంది. ఊరగాయలో ఉప్పు రుచికే కాదు, నిలవకి. తక్కువైతే బూజు పడుతుంది. మూడోరోజు తిరగకలిపేటప్పుడు రుచి చూసి కాస్త వేసుకోవచ్చు గానీ, ఎక్కువైనదాన్ని తియ్యలేం. పైగా మనం ఇప్పుడు కొనే పేకెట్టు ఉప్పు మెత్తటి పొడి. అది సోలలో దట్టంగా కూర్చుంటుంది. ఇంట్లో దంచిన బరక ఉప్పుకి మధ్య మధ్య గాలి ఉంటుంది. సోలెడంటే రెండూ సోలెడే, ఉప్పదనం మాత్రం ఒకటి కాదు. అమ్మ చెప్పిన కొలత పట్టుకుని పేకెట్టు ఉప్పుతో పెట్టి, "మీ అమ్మగారి ఆవకాయ ఉప్పు కషాయం" అనిపించుకున్న కోడళ్ళు నాకు తెలుసు. తప్పు అమ్మదీ కాదు, కోడలిదీ కాదు. ఉప్పు మారిందని ఎవరూ రాయలేదు, అంతే.

సోల అంటే గుర్తొచ్చింది. 1956లో చట్టం వచ్చి దేశమంతా మెట్రిక్ కొలతలు అమల్లోకి వచ్చాక, పత్రికలు బుద్ధిగా గ్రాముల్లోకి మారాయి. అమ్మ ఆ గ్రాముల్ని మళ్ళీ సోలల్లోకీ తవ్వల్లోకీ మార్చి రాసుకుంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అంటూ నాకు ఎక్కాలతో పాటు నేర్పింది. ఇంట్లో త్రాసు లేదు మరి. "వంద గ్రాముల శనగపిండి" అని తేలిగ్గా రాసే ముందు, చదివే ఇంట్లో త్రాసు ఉందా అని ఆలోచించటం కూడా రచనలో భాగమే కదా.

ఇలా అంటున్నానని ఈ పేజీల్ని చులకన చేస్తున్నాననుకోకండి. మాలతీ చందూర్ గారిని తీసుకోండి. ఆంధ్రప్రభ వారపత్రికలో ఏళ్ళ తరబడి 'ప్రమదావనం' నడిపిందీ ఆవిడే, ముద్రణ మీద ముద్రణగా వచ్చిన 'వంటలు-పిండివంటలు' రాసిందీ ఆవిడే, 1992లో 'హృదయనేత్రి' నవలకి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నదీ ఆవిడే. చెయ్యి ఒకటే. మనమే నవలని గాజు బీరువాలో పెట్టి, వంటల పుస్తకాన్ని పోపులపెట్టె పక్కన పడేస్తాం. పసుపు మరకలు పడ్డదే ఎక్కువ చదివిన పుస్తకమని ఒప్పుకోం. అరవంలో మీనాక్షి అమ్మాళ్ గారు 1951లో 'సమైత్తు పార్' అని వంటల పుస్తకం వేశారు. 'వండి చూడు' అని అర్థం. నన్నడిగితే ఇంతకన్నా నిజాయితీ ఉన్న పేరు ఏ పుస్తకానికీ లేదు. నమ్ము అనలేదు చూడండి, చూడు అంది!

అమ్మ కట్టల్లో ఇంకో సంగతి గమనించాను. చిట్కా కింద పంపినావిడ పేరూ ఊరూ ఉంటాయి. తెనాలి, ఏలూరుతో పాటు భిలాయి, ఖరగ్‌పూర్, బళ్ళారి. భర్త ఉద్యోగం కోసం ఊరుగాని ఊరు వెళ్ళి, అడగటానికి అత్తగారూ అమ్మా దగ్గర లేక, ఈ పేజీలే పెద్దదిక్కుగా కాపురం నేర్చుకున్న పిల్లలు. అచ్చులో తమ పేరు అక్కడే మొదటిసారి చూసుకున్నవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. అందుకే ఈ పేజీల తప్పుల మీద నాకు కోపం ఎక్కువ. ఎదురు చెప్పేవాళ్ళు పక్కన లేని పిల్ల వీటిని వేదంలా నమ్ముతుంది.

అసలు 'చిట్కా' అన్న మాటతోనే నాకు పేచీ. అదే పని కోటు వేసుకుని ప్రయోగశాలలో చేస్తే పద్ధతి, చీర కొంగు దోపుకుని చేస్తే చిట్కా! ఆ మాట పెట్టగానే ఎందుకు అని అడిగే హక్కు పోతుంది. "పప్పు ఉడక్కపోతే చిటికెడు వంటసోడా వెయ్యండి." ఉడుకుతుంది, నిజమే. కానీ సోడాతో పప్పులోని బి-1 విటమిన్ పాడవుతుంది. అసలెందుకు ఉడకలేదు? పప్పు పాతదై ఉండాలి, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువై ఉండాలి, లేకపోతే పులుపు ముందే పడి ఉండాలి. పులుపు తగిలితే పప్పు బిగుసుకుంటుంది. ఈ ముక్క చెబితే సోడా అవసరమే రాదు. అమ్మ రాసుకున్నది చూడండి: "చింతపండు ముందే వేశాను. తప్పు నాదే. సోడా అనవసరం." కందులకి ఆముదం రాయమన్న చిట్కా పక్కన: "పురుగు పట్టాక రాస్తే లాభం లేదు. ముందే రాయాలి." నూనె పూత ఉంటే పురుగు పెట్టిన గుడ్లు ఎదగవు. గుడ్డు పిల్లై గింజలోకి దూరాక పైపూత ఏం చేస్తుంది? అమ్మకి ఈ కారణం ఎవరూ చెప్పలేదు. ఓ ఏడాది కందులు పాడుచేసుకుని తెలుసుకుంది.

పెరటి తోటల పేజీలకి వస్తే, కరివేపాకు చెట్టుకి పుల్లమజ్జిగ పొయ్యమన్నది మీ అందరికీ తెలిసిందే. అమ్మ రెండు నెలలు పోసిందట. "చీమలొచ్చాయి. చెట్టు అలాగే ఉంది. పక్కింటావిడ పైకొమ్మలు తుంచుకుపోయాక నాలుగు పక్కలా చిగురేసింది." అదీ సంగతి! కరివేపాకుకి కావలసింది కొస తుంచటం. పక్కింటావిడ చేతిచలవ ముందు మజ్జిగ ఎంత?

ఇంతవరకూ నవ్వుకునే మాటలే. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు.

ఇప్పుడు పత్రిక పేజీల పని చాలావరకూ ఫోన్లో వీడియోలు చేస్తున్నాయి. ఆ పేజీల సుగుణాలన్నీ వీటికి వచ్చాయో లేదో గానీ, దుర్గుణం మాత్రం రెట్టింపై వచ్చింది. అక్కడ ఏదీ మాడదు, ఏదీ విరగదు. కుదరనిది కత్తిరించి పారేస్తారు. మా ఆడపడుచు హైదరాబాదులో డాబా మీద సంచుల్లో మట్టి పోసి కూరలు పండిస్తుంది. రెండేళ్ళ క్రితం సొరపాదు బ్రహ్మాండంగా పాకింది. అదే రోజుల్లో, పరగడుపున పచ్చి సొరకాయ రసం తాగితే ఒంటికి ఎంతో మంచిదని ఓ వీడియోలో చూసింది. ఇంట్లో పండిన కాయ, మందు వెయ్యని కాయ, ఇంకేం కావాలి! కోసి, రసం తీసి, నోట్లో పోసుకుంటే చేదు. "కాకరకాయ చేదు కాదా? చేదు మంచిదేలే" అనుకుని గ్లాసుడూ తాగేసింది. అరగంట తిరక్కుండా వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను మీద ఉంది. దేవుడి దయవల్ల తేరుకుంది.

ఇది మా ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి పరిశీలింపజేసింది. ఆ నివేదిక 2012లో అచ్చయింది. సొర, దోస జాతి కాయల్లో చేదు పుట్టించే కుకుర్బిటాసిన్లనే పదార్థాలున్నాయి. అవి మోతాదు మించితే విషమే. కాకరకాయ చేదు వేరు, సొరకాయ చేదు వేరు. చేదుగా ఉన్న సొరకాయ రసానికీ పనికిరాదు, కూరకీ పనికిరాదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందా? దోసకాయ కోస్తూ చిన్న ముక్క నోట్లో వేసుకోని ఇల్లాలు మా చిన్నప్పుడు ఉండేది కాదు. చేదైతే మారుమాట్లాడకుండా పారేసేవాళ్ళు. అది ఆకలేసి తిన్న ముక్క కాదు, పరీక్ష. ఆ పరీక్షని ఏ పేజీ రాయలేదు, ఏ వీడియో చూపించలేదు. అది వంటలో భాగమని, రాసేవాళ్ళకి తోచలేదు.

అమ్మ కట్టలో 'సొరకాయ పాలు పోసిన కూర' అన్న పేజీ వెతికాను. "లేత సొరకాయని చెక్కు తీసి ముక్కలు కోసుకోవాలి" అని అచ్చులో మొదటి వాక్యం. దానికి ముందు, పైన ఖాళీలో, పెన్సిలుతో: "ముందు ముక్క కొరికి చూడాలి. చేదుంటే కాయంతా పారెయ్యాలి." మిగతా రాతలన్నీ తనకోసం రాసుకున్నవే అనుకుంటూ వచ్చాను. ఇది తనకి తెలియనిది కాదే! చేతికి అలవాటైన పనిని కాగితం మీద పెట్టవలసిన అవసరం ఆవిడకేముంది? ఎప్పుడో ఎవరో ఈ పేజీ తీసి చూస్తారని రాసింది. వంటిల్లు పట్టని కూతురు చూస్తుందనే రాసిందేమో. ఆ వాక్యం నేను రెండేళ్ళు ముందు చదివి ఉంటే, ఆడపడుచుకి ఫోన్లో చెప్పి ఉండేదాన్ని. పెట్టె అప్పటికే మా అటక మీదే ఉంది.

మళ్ళీ మామూలు మాటల్లోకి వస్తాను. ఈ పేజీల్లో నాకు నచ్చని తీరు ఇంకొకటుంది. ఏ వంట అయినా "మీవారు లొట్టలేసుకుంటూ తింటారు" అన్న వాక్యంతో ముగుస్తుంది. ఓ బెండకాయ వేపుడు దగ్గర ఆ వాక్యం కింద అమ్మ ఒకే మాట రాసింది: "లేదు." మా నాన్నగారిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఆ మాటని కాదనలేరు. "పది నిమిషాల్లో తయారయ్యే టిఫిను" అన్న శీర్షిక ఉంటుంది. పప్పు నానటం, రుబ్బటం, మూకుడు తోమటం ఆ పదిలో లేవు. "ఆరుగురికి సరిపోతుంది" అంటారు. ఆ ఆరుగురిలో వండినావిడ ఉందో లేదో చెప్పరు. అమ్మ ఓ చోట ఆరుని ఐదు చేసింది. ఎందుకో రాయలేదు.

ఆ గుడివాడ దగ్గరావిడకి జవాబు రాశాను, తప్పు ఒప్పుకున్నాను. అదృష్టం కొద్దీ నవల రెండో ముద్రణకి వెళ్తోంది, దిద్దుతానని మాటిచ్చాను. దిద్దటానికి నా ప్రతి కోసం వెతుకుతుంటే, అమ్మ ట్రంకుపెట్టె అడుగున, న్యూస్‌పేపరు అట్ట వేసి, నా నవలే కనిపించింది. అచ్చయిన కొత్తలో నేనిచ్చిందే. అప్పుడు ఫోన్లో "బావుందే. ఏడిపించావు" అంది, అంతకు మించి ఏమీ అనలేదు.

112వ పేజీ తీశాను. ఆవకాయ అన్న మాట కింద గీత. అంచున పెన్సిలుతో: "కాయలు?"

అక్కడితో అయిందా! 140వ పేజీలో సుజాత పన్నెండు మందికి అరగంటలో వంట చేసిన చోట: "కుక్కరు ఎన్ని లీటర్లది?"

ఆవకాయని వైశాఖానికి మార్చాను. దాంతో పెళ్ళి కూడా వైశాఖంలోనే పెట్టాల్సి వచ్చింది. అప్పుడు పెళ్ళికొడుకుకి పరీక్షలు అడ్డొస్తున్నాయి. రెండు అధ్యాయాలు తిరగరాస్తున్నాను. కుక్కరు సంగతి ఇంకా తేలలేదు.